ఒక్క గుడి తేడా

ఇస్తాంబుల్‌లోని అయాసోఫియా పై అంతస్తుకు మెట్లు లేవు. రాళ్ళు పరిచిన ఏటవాలు దారి కొండగుహలో నడిపించినట్టు మలుపు మలుపుగా పైకి తీసుకెళ్తుంది. రాళ్ళు అరిగి నున్నబడ్డాయి. చెప్పు జారినప్పుడల్లా గోడ పట్టుకున్నాను. 2024 జనవరి నుంచి నాలాంటి విదేశీయులకు ఈ పై అంతస్తే గతి, టికెట్ 25 యూరోలు. కింది అంతస్తు నమాజుకు వచ్చేవాళ్ళది.

పైనుంచి వంగి చూస్తే కింద ఆకుపచ్చ తివాచీ, దాని మీద చీమల్లా మనుషులు. తలెత్తితే నేలకు 55 మీటర్ల ఎత్తున గుమ్మటం. జస్టీనియన్ చక్రవర్తి ఆరేళ్ళు తిరక్కుండానే కట్టించి 537లో తలుపులు తెరిచాడు. తొమ్మిది వందల ఏళ్ళ పైచిలుకు చర్చి, 1453 నుంచి మసీదు, 1935 నుంచి మ్యూజియం, 2020 నుంచి మళ్ళీ మసీదు. అందరూ గుమ్మటాన్ని ఫొటో తీస్తున్నారు. నేను మాత్రం తూర్పు వైపు, ఒకప్పుడు బలిపీఠం ఉన్న చోటును వెతుకుతున్నాను. 1054 జూలై 16న రోము నుంచి వచ్చిన కార్డినల్ హంబర్ట్ దాని మీద ఒక కాగితం పెట్టి వెళ్ళిపోయాడు. కాన్‌స్టాంటినోపుల్ (ఇప్పటి ఇస్తాంబుల్) సంఘపెద్ద అయిన పాట్రియార్క్ మైకేల్ కెరులేరియస్‌ని, ఆయన అనుచరులని సంఘం నుంచి వెలివేస్తున్నట్టు అందులో ఉంది. పాట్రియార్క్ ఊరుకుంటాడా? ఆ కాగితం రాసినవాళ్ళనీ తెచ్చినవాళ్ళనీ ఆయనా వెలివేశాడు. ఊళ్ళో కులపెద్దలు ఒకరినొకరు వెలేసుకున్నట్టు ఇద్దరూ ఇద్దరినీ వెలేసుకున్నారు.

గొడవ దేని గురించి? ప్రభు భోజనానికి పులిసిన రొట్టె వాడాలా, పులియని రొట్టె వాడాలా అన్నది ఒకటి. రోము బిషప్పు అందరికీ పెద్దా, లేక పెద్దల్లో ఒకడా అన్నది ఇంకొకటి. మూడోది ఒక మాట. ఆ మాట కోసమే నేను గుంటూరు జిల్లా నుంచి ఇక్కడిదాకా వచ్చాను.

మా నాయనమ్మకు అక్షరం ముక్క రాదు. మిషన్ బడి పక్క ఊళ్ళోనే ఉన్నా ఆమె బడి ఈడుకి వచ్చేసరికి పొగాకు తోటలో కూలికి కుదిర్చారు. కానీ ఆదివారం గుడిలో ఆమె నిలబడి విశ్వాస ప్రమాణం చెబుతుంటే పుస్తకం చేతిలో ఉన్న మాకంటే ముందుండేది. మా పల్లెలో చర్చిని గుడి అనే అంటారు. మామూలు ఆదివారాల్లో చిన్న ప్రమాణం, అంటే అపొస్తలులది. ప్రభు భోజనం ఇచ్చే ఆదివారాల్లో పెద్ద ప్రమాణం, అంటే నైసియాది. ఆ పెద్ద ప్రమాణం ఆమె నోటి వెంట సాగుతుంటే నాకు రెండు విషయాలు అనుమానంగా ఉండేవి. ఒకటి, నైసియా ఎవరు? ఎవరో అమ్మగారి పేరనుకునేవాణ్ణి. రెండు, 'పొంతి', 'పిలాతు' అన్న అన్నదమ్ములిద్దరూ కలిసి యేసును ఎందుకు చంపించారు? నాయనమ్మ ఆ రెండు పేర్ల మధ్య ఊపిరి తీసుకునేది. అందుకని వాళ్ళు ఇద్దరనే నా లెక్క. ఒక్క మనిషేనని పదో తరగతిలో తెలిసింది.

నైసియా ఒక ఊరని ఇంకా ఆలస్యంగా తెలిసింది. ఇప్పుడు దాని పేరు ఇజ్నిక్. ఇస్తాంబుల్‌కి ఆగ్నేయంగా, సరస్సు ఒడ్డున ఉంటుంది. వెళ్ళి చూడాలని అనుకున్నాక, పెద్ద ప్రమాణంలో ఒక్కో మాట ఒక్కో ఊళ్ళో ఒక్కో గొడవలో పుట్టిందని చదివి తెలుసుకున్నాను. ఆ గొడవల్లో పెద్దవి చాలావరకు ఇస్తాంబుల్ చుట్టుపక్కల ఒక పూట ప్రయాణం లోపలే జరిగాయి. అలా చివరి మాట దగ్గర మొదలుపెట్టి మొదటి మాటకు వెళ్ళేట్టు దారి వేసుకున్నాను.

చివరి మాట 'కూడా'. పరిశుద్ధాత్మ తండ్రి నుంచి బయలుదేరుతున్నాడని 381లో కాన్‌స్టాంటినోపుల్‌లో రాసుకున్న పాఠం. పడమటి దేశాల చర్చిలు కాలక్రమంలో దానికి 'కుమారుని నుంచి కూడా' అని చేర్చాయి. లాటిన్‌లో అది ఒకటే మాట, ఫిలియోక్వే. స్పెయిన్‌లో మొదలై ఫ్రాంకుల రాజ్యానికి పాకింది. రోము చాలాకాలం ఒప్పుకోలేదు. పోప్ మూడవ లియో ఆ మాట లేని పాత పాఠాన్నే వెండి రేకుల మీద చెక్కించి గోడకు పెట్టించాడు. కానీ 1014లో జర్మనీ రాజు రెండవ హెన్రీ చక్రవర్తిగా పట్టాభిషేకానికి వచ్చినప్పుడు రోములోనూ 'కూడా'తోనే పాడారు. నలభై ఏళ్ళ తర్వాత హంబర్ట్ ఇక్కడ పెట్టిన కాగితంలోని ఒక ఆరోపణ చదివితే నవ్వాలో ఏడవాలో తెలియదు: గ్రీకులు ప్రమాణంలోంచి ఆ మాట కోసేశారట! అసలు ఎన్నడూ లేని మాటను ఎలా కోస్తారు?

పైగా హంబర్ట్‌ని పంపిన పోప్ తొమ్మిదవ లియో అప్పటికే మూడు నెలల క్రితం, ఏప్రిల్‌లో చనిపోయాడు. పంపినవాడే లేనప్పుడు ఆ కాగితం చెల్లుతుందా అన్న ప్రశ్న ఇప్పటికీ ఉంది. నిజానికి ఆ రోజు కాన్‌స్టాంటినోపుల్ వీధుల్లో ఎవరికీ ప్రపంచం రెండుగా చీలిందనిపించలేదు. అది అనిపించింది 1204లో. దానికి గుర్తు ఈ పై అంతస్తులోనే నా కాళ్ళ దగ్గర ఉంది: నేలలో పొదిగిన ఒక రాయి, దాని మీద 'హెన్రికస్ దాందొలో' అన్న పేరు. వెనిస్ ప్రభువు, నాలుగో క్రూసేడుని నడిపించిన ముసలివాడు, చూపు పోయినవాడు. యెరూషలేముకని బయల్దేరిన సైన్యం ఏప్రిల్‌లో ఈ క్రైస్తవ నగరం మీదే పడి మూడు రోజులు దోచుకుంది. గుర్రపు పందేల మైదానంలోని కంచు గుర్రాలు వెనిస్‌కి వెళ్ళిపోయాయి. దాందొలో మరుసటి ఏడు ఇక్కడే పోయాడు, ఇక్కడే పాతిపెట్టారు. ఇప్పుడున్న రాయి 19వ శతాబ్దంలో పెట్టింది. దాని దగ్గర ఎవరూ ఆగడం లేదు. పక్కనే ఉన్న బంగారు మొజాయిక్ క్రీస్తు దగ్గరే జనమంతా.

1965 డిసెంబర్ 7న పోప్ ఆరవ పాల్, పాట్రియార్క్ అథెనగొరాస్ ఆనాటి వెలివేతలను రద్దు చేసుకున్నారు. 2001లో పోప్ రెండవ జాన్ పాల్ ఏథెన్స్ వెళ్ళి 1204 గురించి క్షమాపణ అడిగాడు. 'కూడా' మాత్రం ఉండిపోయింది. 1842లో అమెరికా లూథరన్ మిషనరీ హయ్యర్ గుంటూరులో అడుగుపెట్టినప్పుడు ఆయన పెట్టెలో ఉన్నది పడమటి పాఠం. అది తెలుగయింది. మా నాయనమ్మ ఏ పక్షమో ఆమెకు తెలియకుండానే రోము పక్షాన చేరిపోయింది.

మర్నాడు కదికోయ్. ఎమినోనులో పడవ ఎక్కితే ఇరవై నిమిషాలు. నడుము సన్నని గాజు గ్లాసులో చాయ్, కడియంలాంటి నువ్వుల రొట్టె. రొట్టె ముక్క గాల్లోకి విసిరితే సముద్రపు కాకులు అందుకుంటున్నాయి. హైదరాబాదులో బతికినందువల్ల ఇక్కడ ఒక సుఖం ఉంది. భాష రాకపోయినా సగం బజారు అర్థమవుతుంది: చాయ్ చాయే, దుకాణం దుకాణమే, సబ్బు సబూనే, లెక్క హిసాబే, అంతా అయిపోతే తమామ్.

పడవ దిగితే యూరప్ దాటి ఆసియాలోకి వచ్చినట్టు. ఇదే పాత కాల్సెడన్. 451 అక్టోబర్‌లో ఐదు వందల మందికి పైగా బిషప్పులు ఇక్కడ యుఫేమియా అనే అమరురాలి గుడిలో కూచున్నారు. యేసు దేవుడా మనిషా అన్న ప్రశ్నకు 'రెండూ, కలగలిసిపోకుండా, విడిపోకుండా' అని తేల్చారు. ఒకే వ్యక్తి, రెండు స్వభావాలు. ఈ తీర్పు ఈజిప్టు, సిరియా సంఘాల్లో చాలామందికి నచ్చలేదు. దైవం, మానుషం కలిసి ఏకమైన ఒకే స్వభావమన్నారు. అక్కడ వేరుపడినవాళ్ళు ఇప్పటికీ వేరే. మన కేరళలోని ఆర్థడాక్స్, యాకోబైట్ సిరియన్ సంఘాలు ఆ వేరుపడిన కుటుంబమే.

యుఫేమియా గుడి జాడ ఇప్పుడు లేదు. ఆమె అస్థులు నీళ్ళు దాటి ఇస్తాంబుల్ ఫెనెర్ పేటలోని పాట్రియార్క్ చర్చికి చేరాయి. ఒక కథ మాత్రం మిగిలింది. ఇరుపక్షాలవాళ్ళూ తమ తమ పత్రాలు ఆమె సమాధిలో పెట్టి మూశారట. మూడు రోజులకు తెరిస్తే గెలిచినవాళ్ళ పత్రం ఆమె కుడిచేతిలో, ఓడినవాళ్ళది కాళ్ళ కింద ఉందట. ఈ కథ ఏ పక్షం రాసిందో చెప్పక్కర్లేదు.

చేపల బజారులో ఆమె పేరుతోనే ఒక గ్రీకు చర్చి ఉందంటే వెతుక్కుంటూ వెళ్ళాను. మంచుగడ్డల మీద ఎర్రటి మొప్పలు విప్పి పెట్టిన చేపలు, ఆలివ్ కాయల పీపాలు, పనీరు ముద్దలు. సందు తిరిగితే అయా ఎఫిమియా. అక్కడి నుంచి నాలుగడుగులు వేస్తే ఇంకో చర్చి, సుర్ప్ తకావోర్, అర్మీనియన్లది. చాలాసేపు ఆ రెంటి మధ్య నిలబడిపోయాను. 451 సభకు అర్మీనియన్లు రాలేదు. అదే ఏడు అవరాయర్ మైదానంలో పారశీకులతో ప్రాణాల మీద యుద్ధంలో ఉన్నారు. సభ తీర్పును తర్వాతి శతాబ్దంలో తోసిపుచ్చారు. కాబట్టి ఈ రెండు గుళ్ళ మధ్య ఉన్నది సందు వెడల్పు మాత్రమే కాదు, పదిహేను వందల డెబ్బై ఏళ్ళు. మధ్యలో చేపలమ్మే అతను ఇద్దరికీ అమ్ముతాడు. నాకూ వేయించిన చేప రొట్టెలో పెట్టి ఇచ్చాడు. పండగలకు రెండు గుళ్ళవాళ్ళూ కొంటారా అని సైగలతో అడిగితే, అర్థమైందో లేదో, నిమ్మకాయ ఇంకాస్త పిండాడు.

మూడో రోజు తోప్‌కాపి కోట మొదటి ఆవరణలో ఉన్న అయా ఇరీని. గుంపులు కోట లోపలికి పరుగెడతాయి, ఇక్కడ నిశ్శబ్దం. 381లో చక్రవర్తి థియోడోసియస్ పిలిచిన నూట యాభై మంది బిషప్పుల సభ ఈ చోటే జరిగిందని అంటారు. దానికి ముందటి ఏడే ఆయన ఒక శాసనం వేశాడు: సామ్రాజ్యంలో అందరూ నైసియా విశ్వాసమే పట్టుకోవాలి, మిగతాది మతద్రోహం. 303లో రోమన్ చక్రవర్తి డయోక్లెటియన్ క్రైస్తవాన్ని నేరం చేస్తే, ఎనభై ఏళ్ళు తిరక్కుండానే క్రైస్తవం కాకపోవడం ఇబ్బంది అయ్యింది. నేను ఈ దారంతా తిరిగి చూసినవాటిలో ఇంతకంటే పెద్ద మలుపు లేదు. తర్వాతివన్నీ ఆ అధికారం ఎవరి చేతిలో ఉండాలన్న తగవులే.

ఆ రోజుల్లో ఈ ఊళ్ళో చిల్లర మార్చేవాడి దగ్గరికి వెళ్ళినా, రొట్టెలమ్మేవాడి దగ్గరికి వెళ్ళినా, తండ్రి గొప్పా కుమారుడు గొప్పా అన్న వాదన వినాల్సి వచ్చేదని నీస్సా బిషప్పు గ్రెగొరీ విసుక్కున్నాడు. మన టీకొట్టు దగ్గర ఎన్నికల కబుర్లలాగన్నమాట. నూట యాభై మంది ఆ వాదన ముగించి, 325లో నైసియాలో రాసిన పాఠాన్ని సరిచేసి, పరిశుద్ధాత్మ గురించిన భాగం పెంచారు. మా నాయనమ్మ చెప్పేది అసలు ఈ పాఠమే. పేరు నైసియాది, రూపం ఇక్కడిది.

అయా ఇరీని లోపల గోడలు బోసిగా ఉంటాయి. తూర్పు చివరి అర్ధగుమ్మటంలో, బంగారు రంగు మీద నల్లటి గీతలతో ఒక్క సిలువ. బొమ్మ లేదు, మనిషి లేడు. 740లో పెద్ద భూకంపం ఈ గుడిని కూల్చింది. మళ్ళీ కట్టించిన చక్రవర్తి ఐదవ కాన్‌స్టాంటైన్ బొమ్మలంటే పడనివాడు. దేవుణ్ణి బొమ్మగా చేయడం విగ్రహారాధనేనని ఆ కాలపు చక్రవర్తులు చిత్రాలు చెరిపించారు, వాటిని దాచుకున్న సన్యాసులను హింసించారు. 787లో నైసియాలో జరిగిన రెండో సభ బొమ్మలకు గౌరవం ఇవ్వొచ్చు, ఆరాధన దేవుడికే అని తీర్పు చెప్పింది. 843 దాకా ఆ తగవు పూర్తిగా తెగలేదు.

సిలువ కింద నిలబడితే మా పల్లె గుడి గుర్తొచ్చింది. లూథరన్లం కాబట్టి మా గోడ మీదా ఒక్క కర్ర సిలువే. కానీ ఫిబ్రవరి రాగానే నాయనమ్మ పక్కింటి కథోలిక్ పిన్నితో కలిసి గుణదల తిరునాళ్ళకు వెళ్ళేది. కొండెక్కి మరియమ్మ తల్లికి కొవ్వొత్తి వెలిగించి, కొబ్బరికాయతో తిరిగొచ్చి, "పాస్టరు గారికి చెప్పమాకండి" అనేది. ఎనిమిదో శతాబ్దంలో మొదలై నూరేళ్ళకు పైగా సాగిన తగవును ఆమె ఎర్రబస్సు టికెట్టుతో ముగించేసింది.

నాలుగో రోజు యెనికాపిలో పెద్ద పడవ ఎక్కి, మర్మరా సముద్రం దాటి యాలొవాలో దిగి, మినీబస్సు పట్టుకున్నాను. ఒర్హాన్‌గాజి దాటాక కుడివైపు సరస్సు మొదలైంది. సుమారు 300 చదరపు కిలోమీటర్ల మంచినీళ్ళు, ఆవలి ఒడ్డున నీలం కొండలు, ఇవతల రోడ్డు పక్కన మైళ్ళ పొడుగునా ఆలివ్ తోటలు. బస్సులో ఒకావిడ ఒళ్ళో కోడిపెట్ట ఉన్న బుట్ట. మన ఊరి బస్సేనని చెప్పడానికి కోడి ఒక్కటే సాక్ష్యం, అది కూడా తెలుగులోనే అరుస్తోంది.

ఇజ్నిక్ కోటగోడ లోపలే ఉంది. దాదాపు ఐదు కిలోమీటర్ల గోడ, రోమన్ల కాలపు ద్వారాలు, వాటి కిందుగానే ట్రాక్టర్లు వస్తాయి, పోతాయి. ఊరి మధ్య రెండు పెద్ద వీధులు కలిసే చోట ఈ ఊరి అయాసోఫియా. 787 సభ జరిగిన చోటు. 1331లో మసీదయ్యింది, మధ్యలో మ్యూజియం, 2011 నుంచి మళ్ళీ మసీదు. వీధి కాలక్రమంలో పైకి లేచింది, గుడి కిందే ఉండిపోయింది. లోపలికి వెళ్ళాలంటే దిగాలి. తూర్పు చివర అర్ధచంద్రాకారంలో రాతి మెట్లు, ఒకప్పుడు పెద్దలు కూచున్నవి. పక్క గూట్లో సగం చెరిగిన క్రీస్తు చిత్రం. బొమ్మలు ఉండొచ్చని తీర్పిచ్చిన గుళ్ళో మిగిలిన బొమ్మ అంతే.

కానీ నేను వచ్చింది 787 కోసం కాదు. 325 కోసం.

ఆ వేసవిలో చక్రవర్తి మొదటి కాన్‌స్టాంటైన్ సరస్సు దగ్గరున్న తన రాజభవనానికి బిషప్పులను పిలిపించాడు. సర్కారు తపాలా గుర్రాలు, బండ్లు ఇచ్చి రప్పించాడు. సంప్రదాయం ప్రకారం 318 మంది వచ్చారు. అందులో పాఫ్నూషియస్ అనే ఈజిప్టు బిషప్పుకు ఒక కన్ను లేదు. నియోసీజరియా నుంచి వచ్చిన పాల్‌కు చేతులు పనిచేయవు, కాల్చిన ఇనుముతో నరాలు మాడ్చారు. రాజ్యం పెట్టిన హింసల్లో పోయాయవి. డయోక్లెటియన్ హింసలు మొదలైన నికొమీడియా, అంటే ఇప్పటి ఇజ్మిత్, ఇక్కడికి ఎంతో దూరం లేదు. 303 ఫిబ్రవరిలో అక్కడి చర్చిని నేలమట్టం చేసిన రాజ్యమే ఇరవై రెండేళ్ళకు బండి పంపి పిలిచి, విందు పెట్టి, ఖర్చు భరించింది. ఆ గుర్రపు బండి ఎక్కేటప్పుడు ఆ కన్ను పోయిన ముసలాయన మనసులో ఏముందో ఏ చరిత్రకారుడూ రాయలేదు.

తగవు అలెగ్జాండ్రియాలో మొదలైంది. అరియస్ అనే పెద్దాయన, కుమారుడు తండ్రి చేత కలిగినవాడు, ఆయన లేని కాలం ఒకటుంది అన్నాడు. మన తత్వాల్లాగా తన మాటను పాటలు కట్టి పడవవాళ్ళ చేత, తిరగలి తిప్పేవాళ్ళ చేత పాడించాడు. అలెగ్జాండ్రియా బిషప్పు అలెగ్జాండర్, ఆయన వెంట వచ్చిన కుర్ర డీకన్ అథనేషియస్ కాదన్నారు. సభ 'హోమోఊసియోస్' అన్న మాట ప్రమాణంలో పెట్టింది. కుమారుడిది తండ్రి తత్వమే, వేరు కాదు. అరియస్‌తో పాటు లిబియా బిషప్పులిద్దరు సంతకం పెట్టనన్నారు, ప్రవాసం పోయారు. మైరా బిషప్పు నికొలస్ కోపం పట్టలేక అరియస్ చెంప పగలగొట్టాడని తర్వాతి తరాలు చెప్పుకున్నాయి. ఆ నికొలసే పోనుపోను మన క్రిస్మస్ తాత అయ్యాడు.

సభతో తగవు తీరిందా? లేదు. అరియస్‌ని రాజే వెనక్కి పిలిచాడు. అథనేషియస్‌ని తర్వాత ఐదుసార్లు ప్రవాసం పంపారు. కాన్‌స్టాంటైన్ 337లో చావుమంచం మీద బాప్తిస్మం తీసుకుంటే ఇచ్చింది అరియస్ వైపు మొగ్గిన బిషప్పు. సభ తర్వాత ముప్పై ఏళ్ళు దాటాక ఒక రాజీ మాట ముందుకొచ్చింది: 'హోమోయిఊసియోస్'. తండ్రి తత్వమే అని కాదు, తండ్రిలాంటి తత్వం అని. రెండు గ్రీకు మాటలకూ మధ్య తేడా ఒక్క అయోటా, వాళ్ళ లిపిలో అన్నిటికంటే చిన్న అక్షరం, మన 'ఇ'.

ఇది చదివిన రోజే నాకు నవ్వొచ్చింది. తెలుగు గుణింతంలో 'ఇ' గుర్తును మనం ఏమంటాం? గుడి. తలకట్టు, దీర్ఘం, గుడి, గుడిదీర్ఘం. ఒక్క గుడి ఉండాలా వద్దా అని గుళ్ళన్నీ ఏళ్ళ తరబడి కొట్టుకున్నాయి.

మూడో తరగతిలో నేను నాయనమ్మకు చదువు చెప్పబోయాను. పలక మీద 'క' రాసి, దాని నెత్తిన గుడి పెట్టి, "ఇది గుడి, కకు గుడిస్తే కి" అన్నాను. ఆమె పలక దూరంగా పట్టుకుని, దగ్గరగా పట్టుకుని చూసింది. "గుడంటే నాకు తెలవదంట్రా? ఇదేం గుడి, తలుపే లేదు" అని పలక నా ఒళ్ళో పెట్టి పొయ్యి దగ్గరికి వెళ్ళిపోయింది. మా చదువు అక్కడే ఆగింది.

సాయంత్రం సరస్సు ఒడ్డుకు వెళ్ళే దారిలో పింగాణీ పలకల దుకాణం. పదహారో శతాబ్దంలో ఇస్తాంబుల్ మసీదులకు వెళ్ళిన నీలి పలకలు ఈ ఊళ్ళోనే కాల్చారు. ఒకావిడ సన్నటి కుంచెతో పలక మీద తులిప్ పువ్వు గీస్తోంది. గీత పక్కకు పోతే తుడిచి మళ్ళీ గీస్తోంది. బట్టీలో కాల్చాక మాత్రం తుడవడానికి కుదరదని సైగ చేసింది. నాకు సభలు గుర్తొచ్చాయి. కాల్చేదాకా అందరూ తుడుస్తూనే ఉంటారు.

ఒడ్డున నీళ్ళు వెనక్కి జరిగాయి. తడి మట్టిలోంచి రాతి పునాదులు పైకి తేలి ఉన్నాయి. మధ్యలో పొడవాటి హాలు, తూర్పున గుండ్రటి అర్ధవలయం. నాలుగో శతాబ్దం చివరిలో కట్టిన గుడి. 740లో అయా ఇరీనిని కూల్చిన భూకంపమే దీన్నీ ముంచిందని పరిశోధకుల అభిప్రాయం. ఆ తర్వాత పన్నెండు వందల ఏళ్ళకు పైగా ఎవరికీ గుర్తులేదు. 2014లో గాల్లోంచి తీసిన ఫొటోల్లో నీళ్ళ కింద గీతల్లా బయటపడింది. ఈమధ్య సరస్సు ఎండుతుండటంతో గుడి తనంతట తనే లేస్తోంది. సభకు 1700 ఏళ్ళు నిండిన సందర్భంగా 2025 నవంబర్ 28న పోప్ పద్నాలుగవ లియో, పాట్రియార్క్ బర్తలొమ్యు ఈ శిథిలాల పక్కన కలిసి ప్రార్థించారు. నేను వెళ్ళేసరికి ఆ హడావిడి లేదు. బాతులు, ఇద్దరు ముసలివాళ్ళు, ఒక గాలం.

ఒడ్డున కూచుని ప్రమాణం పైకి చెప్పాలనిపించింది. సగంలో తప్పాను. మా పెదనాన్నకు ఫోన్ చేశాను. ఆయన మా పల్లె గుళ్ళో సంఘపెద్ద.

"ఏరా, చేరావా? గుడుందా అక్కడ?"

"ఉంది పెదనాన్నా. నీళ్ళల్లో."

"నీళ్ళల్లో గుడేంట్రా?"

చెప్పాను. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత అడిగాను, నాయనమ్మకు ఇంత పెద్ద ప్రమాణం ఎవరు నేర్పారని.

"ఇంకెవరు, ఉపదేశి గారు. పొలం నుంచి వచ్చాక రాత్రిపూట లాంతరు ముందు కూచోబెట్టి, ఆయన ఒక ముక్క చెబితే వీళ్ళు ఒక ముక్క. అట్టా చెప్పించుకునే పల్లె మొత్తం నేర్చుకుంది. కాగితం ఎక్కడిది?"

నాలుగో శతాబ్దంలో యెరూషలేము బిషప్పు సిరిల్ బాప్తిస్మానికి సిద్ధమవుతున్నవాళ్ళకు ఇలాగే నేర్పాడు. ప్రమాణాన్ని రాసుకోవద్దని, విని జ్ఞాపకంలో నిలుపుకోమని చెప్పాడు. అది తొలి సంఘాల పద్ధతి. అక్షరం కోసం పెద్దలు కొట్టుకుంటున్న రోజుల్లో కూడా ఆ మాటలను మోసింది ఎక్కువగా అక్షరం రానివాళ్ళే. మా నాయనమ్మ వెనకబడి నేర్చుకుందనుకున్నాను ఇన్నాళ్ళూ. ఆమె పాత పద్ధతిలో నేర్చుకుంది.

"మరి పొంతికీ పిలాతుకీ మధ్య నాయనమ్మ ఆగేది కదా. పుస్తకంలో కామా కూడా లేదు."

పెదనాన్న నవ్వాడు. "ఉపదేశి గారికి ఉబ్బసం. ఆ మాట దగ్గరికొచ్చేసరికి ఊపిరి చాలేది కాదు. ఆయన ఆగాడని మీ నాయనమ్మ వాళ్ళు ఆగారు. ఇప్పటికీ మన గుళ్ళో అందరం అక్కడే ఆగుతాం. మొన్న వచ్చిన కొత్త పాస్టరు గారు ఆపకుండా చెప్పమన్నాడు. మావల్ల కాలేదు."

ఫోన్ పెట్టేశాక మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాను. గొంతు పెద్దగా చేయలేదు, అయినా గాలం వేసుకున్న ముసలాయన ఇటు తిరిగి చూశాడు. తండ్రి తత్వం గురించిన మాట దాటాను. పొంతి అన్నాను. ఆగాను. నీటి అల ఒకటి వచ్చి గుడి పునాది తడిపి వెళ్ళింది. అప్పుడు పిలాతు అన్నాను.